అడక్కుండా వేసుకున్న తెల్ల షూస్

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. రాసినవారికి ఇరవై నాలుగేళ్లు, సొంత ఊరు నిజామాబాద్ దగ్గర. పేరు వద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఒక గదిలో ఇద్దరు అద్దెకుంటున్నారు. రెండో ఆయనది శ్రీకాకుళం జిల్లా. వయసులో నాలుగేళ్లు పెద్ద, అందుకే ‘అన్నా’ అని పిలుస్తారు. వీరికి ఉద్యోగం దొరకని ఐదు నెలలూ గది అద్దె మొత్తం ఆ అన్నే కట్టారు. ఇప్పుడు వాళ్ల నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అని, ఇంటి నుంచి పని చేసుకునేలా అనుమతి తీసుకుని ఊరెళ్లారు. ఆయన తెల్ల కాన్వాస్ షూస్ మంచం కింద అట్టపెట్టెలో ఉండిపోయాయి. వాళ్ల చెల్లెలు తన మొదటి జీతంతో కొనిచ్చినవి. షూ నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, దాని లోపలి వైపు ఆ అమ్మాయి పెన్నుతో రెండక్షరాలు కూడా రాసింది.

స్నేహితుడి పెళ్లికి వెళ్తూ వీరు ఆ షూస్ వేసుకున్నారు. అడగలేదు. “రెండు రోజులే కదా, తుడిచి పెట్టేద్దాం అనుకున్నాను” అంటున్నారు. మైలపోలు నాడు, అంటే పెళ్లికి ముందు పసుపు రాసే వేడుకలో, పసుపు పడింది, బరాత్‌లో ఎగిరితే ఎర్రమట్టి పట్టింది. గదికి తిరిగొచ్చి బట్టల సబ్బు రుద్దితే పసుపు మరకలు కాస్తా ఎర్రగా మారాయి. కంగారుపడి బ్లీచ్ సీసా సగం బకెట్‌లో పోసి, కాసిని బోరు నీళ్లు కలిపి, రాత్రంతా నానబెట్టారు. పొద్దున చూస్తే ఎరుపు మాయం. ప్రాణం లేచొచ్చిందట. డాబా మీద ఎండలో పెట్టి ఆఫీసుకి వెళ్లారు. సాయంత్రానికి షూస్ మొత్తం మీగడ రంగుకి తిరిగాయి, సోల్‌కి పైన బట్ట మీద చాయ్ ఒలికినట్టు గోధుమరంగు చారలు, లేసు రింగుల చుట్టూ తుప్పు. నాలుక మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి.

ఆ అన్న రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. అడిగినవి మూడు: మళ్లీ తెల్లగా అవుతాయా? అవకపోతే అదే మోడల్, మూడు వేలు పెట్టి కొని పెట్టెలో పెట్టేయనా? అసలు చెప్పకుండా బయటపడే దారి ఏదైనా ఉందా? చివర్లో “షూస్ గురించి ఉత్తరం రాశానని నవ్వుకోకండి మేడమ్” అని ఒక వాక్యం.

నవ్వలేదు. పైగా మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షూస్ ధర గురించి మీరు ఒక్కసారి రాశారు. ఆయన కట్టిన అద్దె గురించి మూడుసార్లు రాశారు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు బకెట్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే మీరు ఇది చదివేసరికి ఏదో ఒక వీడియో చూసి ఇంకోటి పోసేసి ఉంటారేమో అని నా భయం.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, మిగతావన్నీ మీ ఇష్టం. బ్లీచ్ పట్టిన ఆ షూస్ మీద ఇప్పుడే వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గానీ పోయకండి. బ్లీచ్‌కి పులుపు తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది గొంతునీ ఊపిరితిత్తులనీ పట్టేస్తుంది. వెనిగర్ వాడే వంతు వస్తుంది, కానీ బ్లీచ్ పూర్తిగా పోయాక.

ఇక అసలు ఏం జరిగిందో చూద్దాం. సబ్బు రుద్దగానే పసుపు ఎర్రబడటం చూసి మీరు భయపడ్డారు. పసుపు మార్కెట్ ఉన్న జిల్లా మనిషి దానికి భయపడ్డారంటే నాకు కొంచెం ఆశ్చర్యమే. పెళ్లికూతురి పాదాలకు పారాణి ఎలా కలుపుతారు? పసుపులో సున్నం వేస్తారు. సున్నానికి క్షారగుణం ఉంది, దానితో పసుపు ఎర్రబడుతుంది. బట్టల సబ్బుదీ అదే గుణం. మీరు చేసిందల్లా ఆ షూస్‌కి పారాణి పెట్టడం. అప్పుడు సబ్బు పోయేలా బాగా జాడించి, ఆ ఒక్క మరకని ఎండకి పెట్టి ఉంటే రెండు మూడు రోజుల్లో చాలావరకు వెలిసిపోయేది. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, మన అమ్మలందరికీ తెలిసిన సంగతే. కానీ జరిగిపోయిన దాని గురించి ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ షూస్‌ని పాడుచేసింది పెళ్లి కాదు. పెళ్లి తర్వాతి రాత్రి మీ కంగారు.

ఇప్పుడు మీ ముందున్న పసుపుదనం ఒకటి కాదు, మూడు నాలుగు కలిసి ఉంది. దేని మందు దానికే.

మొదటిది, షూస్ మొత్తం మీగడ రంగుకి తిరగడం. నూలు బట్ట సహజంగా పాల తెలుపు కాదు, కాస్త మీగడ రంగే. ఫ్యాక్టరీలో చలువ చేశాక, వెలుతురులో నీలంగా మెరిసే పదార్థాలు అద్దుతారు. అందుకే కొత్త తెల్ల షూస్ అంత మిలమిలలాడతాయి. గాఢమైన బ్లీచ్ ఆ మెరుపు పదార్థాన్ని చంపేస్తుంది. నోట్లు నకిలీవో కాదో చూసే ఊదారంగు లైటు కిరాణా షాపులో ఉంటుంది కదా, చీకట్లో దాని కింద ఒకసారి షూస్ పెట్టి చూడండి. మెరుపు మిగిలిన చోట నీలంగా వెలుగుతుంది, పోయిన చోట మసకగా ఉంటుంది. దీనికి తోడు, నీళ్లు సరిగా కలపని బ్లీచ్‌లో రాత్రంతా నానితే నూలు పోగు కూడా దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్న నూలు ఎండ వేడికి పసుపుపచ్చబడుతుంది.

రెండోది, సోల్ పైన చాయ్ చారలు. ఇవి చూడటానికి ఘోరంగా ఉంటాయి గానీ అన్నిటికన్నా తేలిగ్గా పోయేవి ఇవే. షూ లోపల స్పాంజి ఉంటుంది, అతికించిన జిగురు ఉంటుంది, వాటిలో మీరు జాడించకుండా వదిలేసిన సబ్బూ మట్టీ ఉంటాయి. ఎండలో పెడితే బయటి బట్ట ముందు ఆరుతుంది. లోపలి తడి దాని వైపు పాకుతూ తనతో పాటు ఆ మురికినంతా మోసుకొచ్చి, నీరు ఆవిరైన అంచులో వదిలేస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే చార అంత గట్టిగా పడుతుంది.

మూడోది, రింగుల చుట్టూ తుప్పు. ఇనుప రింగు మీద పూత లేచిపోయి ఉంటుంది. మీ బోరు నీటిలో కూడా ఇనుము ఉండొచ్చు. మీ బాత్‌రూమ్ బకెట్ల లోపల గోధుమరంగు పొర కడుతుంటే అదే గుర్తు. నీటిలో కరిగి కనిపించకుండా ఉన్న ఇనుముని బ్లీచ్ తుప్పుగా మార్చి బట్టకి పట్టిస్తుంది. బ్లీచ్ పోసే కొద్దీ ఇంకా పసుపు రావడం కొందరి ఇళ్లలో చూస్తుంటాం, కారణం ఇది. ఎర్రమట్టి సంగతీ అంతే. మట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. దానికి బ్లీచ్ పనికిరాదు, మట్టి పూర్తిగా ఎండాక పొడి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. తడి మీద రుద్దితే పోగుల్లోకి దిగుతుంది.

ఇంత చెప్పాక మీ మొదటి ప్రశ్నకి జవాబు: చారలు పోతాయి, తుప్పు చాలావరకు పోతుంది, మీగడ రంగు తగ్గుతుంది. కొత్తవాటిలా మాత్రం కావు. నాలుగడుగుల దూరం నుంచి తెల్లగా కనిపిస్తాయి, చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది.

చేసే ముందు ఒక పరీక్ష. వేళ్లు వంగే చోట, అంటే నడిచేటప్పుడు మడతపడే చోట, బట్టని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. పోగులు పిసపిసలాడుతూ విడిపోతుంటే బట్ట ప్రాణం పోయినట్టే. అలాంటప్పుడు నేను కింద చెప్పేదాంట్లో జాడించడం, వెనిగర్, నీడన ఆరబెట్టడం వరకే ఆగిపోండి. బట్ట గట్టిగా ఉంటే ముందుకు వెళ్లొచ్చు.

లేసులు తీసేయండి, లోపలి మెత్త ఊడితే అదీ తీయండి. నాలుక మీద అక్షరాలు మిగిలిన చోట ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. పూర్తిగా ఆపలేకపోయినా మళ్లీ మళ్లీ తడవకుండా ఉంటుంది. ఆ రెండక్షరాలే ఆ షూస్‌లో కొనలేనివి కాబట్టి ఇది మరిచిపోకండి. తర్వాత మామూలు నీళ్లలో ముంచి, పిండి, నీళ్లు మార్చి, మళ్లీ. నాలుగైదు బకెట్లు. ఈ పనికి మాత్రం బోరు నీళ్లు కాకుండా కుళాయి నీళ్లు పట్టుకోండి, ఆఖరి జాడింపుకి తాగే ఫిల్టరు నీళ్లు అయితే ఇంకా మంచిది. చేపల తొట్టెల సామాను అమ్మే షాపులో ‘యాంటీ క్లోరిన్’ అని చిన్న పొట్లాల్లో స్ఫటికాలు అమ్ముతారు. చేపలకి క్లోరిన్ తగలకుండా నీళ్లలో వేసేది. సగం బకెట్ నీళ్లకి ఒక టీస్పూను వేసి పావుగంట ఉంచితే బట్టలో దాక్కున్న బ్లీచ్ విరిగిపోతుంది. మళ్లీ రెండుసార్లు జాడించండి. షూ లోపల ముక్కు పెట్టి చూసినా బ్లీచ్ వాసన రాకూడదు. వాసన వస్తుంటే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు మళ్లీ జాడించండి.

ఆ తర్వాతే పులుపు. తెల్ల వెనిగర్ ఒక గ్లాసుకి నీళ్లు నాలుగు గ్లాసులు, లేదా కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లీటరుకి ఒక టీస్పూను. అరగంట. ఇది రెండు పనులు చేస్తుంది. పోగుల్లో మిగిలిన సబ్బు క్షారాన్ని విరుస్తుంది, తుప్పుని కరిగిస్తుంది. రింగుల చుట్టూ మాత్రం నిమ్మ ఉప్పుని కాసిని నీళ్లతో ముద్దగా చేసి విడిగా పట్టించి, అరగంట తర్వాత పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తిప్పండి. మళ్లీ జాడించాలి. బాగా.

ఇక్కడ ఆగి, టిష్యూ పేపరు సంగతి చెప్పాలి. వీడియోల్లో చూపించేవాటిలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. తడి షూ మీద తెల్ల టాయిలెట్ పేపరు రెండు మూడు పొరలు అతుక్కునేలా చుట్టండి. అప్పుడు నీరు ఆవిరయ్యే అంచు బట్ట కాకుండా కాగితం అవుతుంది. లోపల్నుంచి పాకి వచ్చిన మురికి కాగితంలో ఆగుతుంది. ఆరాక విప్పితే గోధుమరంగు చారలు కాగితం మీద ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది. చార పూర్తిగా పోకపోతే మళ్లీ తడిపి మళ్లీ చుట్టండి, రెండోసారి నష్టమేమీ లేదు. లోపల కూరడానికి మాత్రం పాత తెల్ల పంచె ముక్కలు వాడండి, న్యూస్‌పేపరు వద్దు. ఒక వానాకాలం నేను మా అబ్బాయి తడి షూస్‌లో పేపరు కూరాను. సిరా దిగింది. ఎడమ షూ లోపల సగం హెడ్‌లైను తిరగేసి చదువుకునేలా ఏడాది పాటు ఉండిపోయింది. వాడు అది తన స్నేహితులందరికీ చూపించాడు.

ఆరబెట్టేది నీడన, ఫ్యాను గాలికి, మడమ పైకి వచ్చేలా గోడకి ఆనించి. ఎండ వద్దు, హెయిర్ డ్రైయర్ వద్దు. వేడికి జిగురు లేస్తుంది, అంచు రబ్బరు పసుపుపచ్చబడుతుంది. ఈ వానల్లో రెండు రోజులు పడుతుంది. పట్టనివ్వండి.

మీగడ రంగు ఇంకా బాగా ఉందనిపిస్తే, బట్ట గట్టిగా ఉంటేనే, ఒకే ఒక్కసారి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. మెడికల్ షాపులో అడగండి. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి, వంటసోడాతో పలచని ముద్ద చేసి, బ్రష్‌తో పూసి, గంట తర్వాత కడిగేయండి. చేతికి గ్లౌజు వేసుకోండి. దీన్ని వెనిగర్‌తో గానీ బ్లీచ్‌తో గానీ ఒకే గిన్నెలో కలపకూడదు. ఇదీ పోగుల మీద పనిచేసేదే, అందుకే ఒక్కసారి అంటున్నాను. ఆ తర్వాత మామూలు డిటర్జెంట్ పొడి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. పొడుల్లో ఆ మెరుపు పదార్థాలు ఉంటాయి, బ్లీచ్ తీసేసిన దానిలో కొంత తిరిగి వస్తుంది. ఆఖరున సగం బకెట్ నీళ్లలో రెండు మూడు చుక్కల నీలం కలిపి ఒక్కసారి ముంచి తీయండి. చుక్క నేరుగా బట్ట మీద పడిందంటే ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

రబ్బరు అంచుకి తెల్ల టూత్‌పేస్టు చాలు. బట్ట మీద వద్దు, పోగుల్లో ఇరుక్కుని గట్టిపడుతుంది. కుంకుడు రసం వద్దు, దాని రంగు అదే పట్టొచ్చు. లేసులు కొత్తవి కొనేయండి.

తెల్ల షూ పాలిష్ సంగతి అడగలేదు గానీ, ఆ ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. మా చిన్నప్పుడు శనివారం తెల్ల యూనిఫాం రోజున, ప్రేయర్ బెల్లు కొట్టే ముందు బోర్డు దగ్గర్నుంచి సుద్దముక్క తెచ్చి కాన్వాస్ షూస్‌కి రాసేవాళ్లం. డ్రిల్ సార్ చూసి వెళ్లే దాకా తెల్లగానే ఉండేవి. పాలిష్ దానికి పెద్దన్నయ్య. మడత దగ్గర పగుళ్లిస్తుంది, వానకి కారి ప్యాంటు అంచుకి అంటుతుంది.

షూస్ శుభ్రం చేసే దుకాణాలు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాయి, కొన్ని వందలు తీసుకుంటారు. ఇస్తే మంచిదే. కానీ బ్లీచ్‌లో నానబెట్టిన సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు తమ మందు తాము పోస్తారు, బట్ట మిగలదు.

లెక్క వేసుకోండి. జాడించడానికి ఒకటి రెండు రోజులు, పులుపు, ఆరబెట్టడం రెండు రోజులు, చార మిగిలితే మళ్లీ రెండు రోజులు, పెరాక్సైడ్ వాడితే ఇంకో మూడు. పది పన్నెండు రోజుల పని, మధ్యలో మీకు ఆఫీసు. పద్దెనిమిది రోజుల్లో చాలావరకు అవుతుంది. కానీ పదిహేనో రోజున చార ఇంకా కనిపిస్తుంటే మీరేం చేస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎరుపు చూసి బ్లీచ్ పోసిన మనిషే మళ్లీ ఏదో పోస్తారు. షూస్‌కి ఇప్పుడు కావాల్సింది తీరిక. ఆ తీరిక మీకు లేకపోవడానికి కారణం, ఆయనకి తెలియకుండా పూర్తవ్వాలనుకోవడం.

కాబట్టి ఇక మీ రెండో ప్రశ్న, మూడో ప్రశ్న కలిపి చూద్దాం.

కొత్త జత కొని పెట్టెలో పెట్టడం. డబ్బు మీ దగ్గర ఉంది, మోడల్ దొరుకుతోంది. కానీ పాత షూస్‌లో మెత్త ఆయన పాదం ఆకారానికి ఒదిగి ఉంటుంది, సోల్ ఆయన నడకకి అరిగి ఉంటుంది. కాలు పెట్టగానే తెలుస్తుంది. దానికన్నా, ఆ అక్షరాలు? కొత్త నాలుక మీద మీరు పెన్నుతో ఆ అమ్మాయి చేతిరాతని దించుతారా? మీ మూడు ప్రశ్నల్లో ఇది లేదు గానీ, ‘పెన్ను సిరా ఎలా చెరపాలి, ఎలా నిలుస్తుంది’ అని ఉత్తరం అంచున చిన్నగా రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. అది చేయకండి అని నేను చెప్పక్కర్లేదు, మీరే కొట్టేశారు.

ఉన్నవాటినే వీలైనంత బాగుచేసి, ఏమీ ఎరగనట్టు పెట్టెలో పెట్టేయడం. నిజం చెప్పాలంటే ఇది చెల్లుబాటు అయ్యే అబద్ధమే. వాడకుండా మూసిపెట్టిన తెల్ల షూస్ కూడా పసుపుపచ్చబడతాయి, రబ్బరు గాలికే రంగు మారుతుంది. ఆయన “అరె, ఉండి ఉండి పాతబడ్డాయి” అనుకోవచ్చు. ఆ మాటకి మీరు తలూపాలి. తర్వాత మూడు నాలుగు నెలల్లో వేళ్ల దగ్గర బట్ట చిరుగుతుంది, చిరిగే అవకాశం బాగా ఉంది, అప్పుడు మళ్లీ తలూపాలి. చెల్లెలు ఫోన్‌లో “అన్నయ్యా, అప్పుడే పాడైపోయాయా, చవక సరుకు ఇచ్చాడు షాపువాడు” అంటుంటే అదే గదిలో కూర్చుని వినాలి. భరించగలిగితే అదీ ఒక దారే. మీ ఉత్తరం చదివాక మీరు భరించగల మనిషి అని నాకనిపించలేదు.

ఆయన వచ్చాక ఎదురుగా చెప్పడం. ఫోన్‌లో కన్నా మొహం చూసి చెప్పడం మర్యాద అనిపిస్తుంది, అందులో న్యాయం ఉంది. చిక్కేమిటంటే, ఈ పద్దెనిమిది రోజుల్లో ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేస్తారు? “గదిలో అంతా బాగుందా” అని అడగరా? ప్రతిసారీ మీరు “బాగుందన్నా” అంటారు. వచ్చాక చెప్పేటప్పుడు షూస్‌తో పాటు ఆ ‘బాగుందన్నా’లన్నీ కూడా చెప్పుకోవాలి.

ఇప్పుడే చెప్పడం. ఆయనకి కోపం రావచ్చు. షూస్ గురించి కాకపోయినా అడక్కుండా పెట్టె తీసినందుకు రావచ్చు, అది సబబే. కానీ గడువు పోతుంది. నింపాదిగా, మొదట జాడించి, ఆరబెట్టి, చూసి, మళ్లీ చేయొచ్చు. అంతకన్నా ముఖ్యం, పెరాక్సైడ్ లాంటి దెబ్బ తగిలే పని చేయాలా వద్దా అన్నది ఆయన చెప్పొచ్చు. ‘తెల్లగా లేకపోయినా ఫర్వాలేదు, చెల్లి రాసింది మాత్రం ఉండనీ’ అంటారేమో. ‘తీసి పారేయ్, కొత్తవి కొనివ్వు’ అంటారేమో. మీరూ నేనూ ఇక్కడ కూర్చుని ఊహించడం దేనికి, వస్తువు ఆయనది.

ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం చూసుకోండి. నాన్నగారి ఆపరేషన్ రోజునో, హాస్పిటల్‌లో ఉన్నప్పుడో ఫోన్ చేసి షూస్ కథ చెప్పకండి. మీ టెన్షన్ దించుకోవడానికి ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. ముందు నాన్నగారు ఎలా ఉన్నారో అడగండి. ఇంటికి తీసుకొచ్చారు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశారు అని తెలిశాక, ఆ రోజో మర్నాడో చెప్పండి. మీ మాటల్లోనే చెప్పండి. “అన్నా, నీ తెల్ల షూస్ అడగకుండ ఏసుకొని పెళ్లికి పోయిన. పసుపు వడ్డది. సాఫ్ చేద్దామని బ్లీచ్ పోసి ఇంకింత ఖరాబ్ చేసిన. చెల్లె రాసింది సగం పోయింది. నువ్వేం చెయ్యమంటే అది చేస్త.” ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. మధ్యలో “ఏదో రెండు రోజులే అనుకున్న” అనే ముక్క పెట్టకండి. ఉత్తరంలో పెట్టారు, అక్కడే అది బాగోలేదు.

ఇక ఆ అద్దె సంగతి. ఐదు నెలలు మీ తరఫున కట్టిన మనిషి వస్తువుని పాడుచేశానన్నదే మీకు గుచ్చుకుంటోంది. అది అర్థమవుతోంది. అయితే ఆ అద్దె ఆయనకి తిరిగి ఇచ్చారా లేదా అన్నది మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఇచ్చేసి ఉంటే ఈ సంగతిలోకి దాన్ని లాక్కురాకండి, అప్పు వేరు, షూస్ వేరు. ఇవ్వకపోతే, ఉద్యోగం వచ్చింది కాబట్టి ఈ నెల జీతం నుంచి నెలనెలా ఇంత అని మొదలుపెట్టండి. ఆయన వద్దనొచ్చు, అయినా అడగండి. కానీ షూస్ గురించి చెప్పే ఫోన్‌లోనే ఈ మాట ఎత్తకండి. తప్పు ఒప్పుకుంటూ డబ్బు చేతిలో పెడితే ఎవరికైనా మొహం మీద కొట్టినట్టుంటుంది.

ఆ చెల్లెలికి చెప్పాలా వద్దా అన్నది అన్నాచెల్లెళ్ల మధ్య విషయం. ఆయన ఈసారి ఊరెళ్లేటప్పుడు షూస్ తీసుకెళ్లి ఆ అమ్మాయితోనే మళ్లీ రాయించుకుంటారేమో, ఎవరికి తెలుసు. అందుకైనా బట్ట గట్టిగా ఉండాలి.

ఫోన్ చేశాక ఆయన ఫోటో పంపమంటారు. షూస్ పూర్తిగా ఆరాక తీయండి, తడి కాన్వాస్ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు కింద కాదు, పొద్దున తొమ్మిదింటప్పుడు కిటికీ దగ్గర. చార ఉన్న వైపు కూడా ఒకటి తీయండి.